ఉగాదికి ఇల్లు దులుపుతున్నారా? పైనుంచి మొదలుపెట్టండి

ముందు బూజు కర్ర, తడిగుడ్డ తర్వాత. బూజు, ఫ్యాన్లు, అటక, అలమరాలు, చివర్లో నేల, ఈ వరసలోనే వెళ్లాలి, లేదంటే తుడిచిన నేల మీదే మళ్లీ దుమ్ము రాలి ఒకే గది రెండుసార్లు కడుక్కోవాలి. ఫ్యాన్ రెక్కకి పాత దిండు గలీబు తొడిగి వెనక్కి లాగితే దుమ్మంతా అందులోనే ఉండిపోతుంది (స్విచ్ ఆపే ఎక్కండి).

అసలు పని వంటింట్లోనే. స్టవ్ వెనక గోడ మీది జిడ్డుకి వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి పూసి, పది నిమిషాలు నాననిచ్చి తుడవండి, గ్లౌజులు మాత్రం వేసుకోండి. కడిగిన డబ్బాలు ఎండలో పూర్తిగా ఆరాలి, కాస్త తడి మిగిలినా పప్పులు పాడవుతాయి. ఈలోగా పప్పుల్నీ ఎండబెట్టి, ఎండు వేపాకు వేసి పోసుకోండి. బాత్రూంలో బ్లీచింగ్ పౌడరూ యాసిడూ కలిపారో, విషవాయువు వస్తుంది, ఆ ప్రయోగం వద్దు.

అటక సంగతంటారా, "ఎప్పటికైనా పనికొస్తుంది" అని అమ్మ దాచిన అట్టపెట్టెలు ఆవిడ ముందే తెరవండి, లేకపోతే గొడవే. రెండేళ్లుగా ముట్టనివి పాత సామాన్ల బండికి వేసేయండి. చలి దుప్పట్లు ఎండలో వేశాక కలరా ఉండలతో ట్రంకుపెట్టెలోకి.

ఇవన్నీ పండగ ముందురోజుకి పెట్టుకోకండి, ఆ రోజు మామిడాకులు, వేపపువ్వు, కొత్త చింతపండు అంటూ బజారు తిరగడానికే సరిపోతుంది.