నిర్లక్ష్యం అని రాసే ముందు

జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కొత్తగా చేరినవాళ్లు నన్ను మొదట అడిగేది, "మేడం, నిర్లక్ష్యం అని ఎప్పుడు రాయాలి?" అని. తేల్చేది మనం కాదు, బాలల సంక్షేమ కమిటీ. ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. కానీ వాళ్లు ఆ ఇంటిని చాలావరకు మన ఫారం 22లోనే, అంటే ఇంటికెళ్లి మనం రాసే సామాజిక విచారణ రిపోర్టులోనే చూస్తారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఈ సామాజిక విచారణకి ఇచ్చిన గడువు 15 రోజులు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి వచ్చిన ఫోన్ సమాచారమే, సాక్ష్యం కాదు. "తల్లి పిల్లల్ని వదిలేసి తిరుగుతోంది" అన్నవాళ్లకి ఆమెతో కుళాయి దగ్గర తగాదా ఉండొచ్చు. "మీరు కళ్లారా చూశారా? ఏ రోజు? ఎన్నింటికి?" అని అడగండి. సగం మాటలు అక్కడే రాలిపోతాయి.

ఇంటికి రెండుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లండి. ఒకసారి మధ్యాహ్నం వెళ్లాను. బయట గొళ్లెం పెట్టిన గదిలో ఇద్దరు పిల్లలు. కోపంతో అక్కడే సగం రిపోర్టు రాసేశాను. సాయంత్రం మళ్లీ వెళితే తల్లి పత్తి చేలోంచి అప్పుడే వచ్చింది. లోపల పొద్దున వండిన అన్నం, పెద్దదానికి అందేలా నీళ్ల బిందె. అంగన్‌వాడీ రిజిస్టర్‌లో చిన్నదాని బరువు నెలనెలా పెరుగుతోంది, టీకా ఒక్కటీ తప్పలేదు. గొళ్లెం ప్రమాదమే, అది రాశాను. చీకటిపడే దాకా పిల్లల్ని ఉంచే చోటు ఆ ఊళ్లో లేదనీ రాశాను. మధ్యాహ్నం రాసింది చింపేశాను. పిల్లల్ని హోమ్‌కి పంపడం చట్టంలోనే చివరి మార్గం.

ఇంకో ఇల్లు అద్దంలా ఉంది. బాబు చెవిలో మాత్రం రెండు నెలలుగా చీము. ఆశా కార్యకర్త మూడుసార్లు చెప్పింది, తోడు వస్తానంది. ఇంట్లో పెద్దలు కదల్లేదు. తేదీలతో రాయాల్సింది ఇలాంటిది: పెద్దలకి సంగతి తెలుసా, చేసే వీలుందా, అయినా చేయలేదా, బిడ్డకి ఏమైంది. అదే చట్టం 75వ సెక్షన్ కింద నిర్లక్ష్యానికి శిక్ష కూడా అది కావాలని చేసినదైతేనే.

పిల్లల్ని "అమ్మ అన్నం పెట్టదా?" అని అడిగితే జవాబు మనమే అందించినట్టు. "నిన్న లేచాక ఏం చేశావు?" అని ఊరుకోండి. ఒక పాప అరగంట కోడిపిల్లల గురించే చెప్పింది. మధ్యలో, "రాత్రి నాన్న రాలేదుగా, నేనే గంప కింద కమ్మేశా" అంది. మొన్న రాత్రి కూడా రాలేదట.

"ఇల్లు మురికిగా ఉంది" అని మాత్రం రాయకండి. బియ్యం డబ్బా ఖాళీగా ఉంటే ఖాళీ అని రాయండి. కమిటీలో ఒక మెంబర్ నన్ను "మురికి అంటే ఏంటమ్మా?" అని అడిగారు. నాకు నోరు పెగల్లేదు.