ఇంట్లోనే గుండె గమనిక – 4వ పాఠం: చెయ్యి ఎక్కడ పెట్టారు?

వేలి కొస నొక్కి రక్తప్రవాహం చూడటం ఈసారి నేర్పుతానని కిందటి పాఠంలో మాటిచ్చాను. నేర్పుతాను, కాకపోతే చివర్లో. ముందు మీరు పంపిన బీపీ రీడింగుల సంగతి తేల్చాలి.

గాజువాక నుంచి ఒకమ్మాయి వాళ్ల తాతగారివి మూడు రోజుల రీడింగులు పంపింది. పై బీపీ 132, 154, 134. రెండో రోజు చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్. మాత్ర పెంచాలా అని అడిగింది. ఆ రోజు తాతగారి చెయ్యి ఎక్కడుంది అని నేను అడిగాను. మెషిన్ మణికట్టుకు కట్టేది. ఆ ఒక్క రోజూ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నారట. మిగతా రెండు రోజులూ చేతి కింద దిండు పెట్టి ఛాతీ ఎత్తుకు తెచ్చారట. పెందుర్తి నుంచి ఒకాయన రాశారు: అమ్మగారు పక్కకు తిరిగి పడుకుని ఉంటే, పైనున్న చేతికే కఫ్ (మెషిన్‌కు ఉండే, గాలి నిండే పట్టీ) కట్టారు. ఎప్పుడూ 112 ఉండేది 98 వచ్చింది. భయపడి ఉప్పు కలిపిన మజ్జిగ రెండు గ్లాసులు తాగించారు. ఆవిడ బీపీ తగ్గలేదండీ, చెయ్యి గుండె కన్నా పైన ఉంది, అంతే.

ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవడం, వీపుకు ఆనుకోవడం, మాట్లాడకపోవడం మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. చొక్కా చెయ్యి మీద కఫ్ కట్టకూడదనీ చెప్పను. చేతి ఎత్తు గురించి మాత్రం విసుగొచ్చేదాకా చెబుతాను. ఎందుకంటే మెషిన్‌ది తప్పు ఉండదు, మనిషిది తప్పు ఉండదు, అయినా అంకె తప్పుగా వస్తుంది. దాన్ని నమ్మి మందులు మార్చేస్తారు.

మన విశాఖలో కొండవాలు ఇళ్లు చూసే ఉంటారు. పైన ట్యాంకు ఒకటే, పైపు ఒకటే. అడుగున ఉన్న ఇంట్లో కుళాయి తిప్పితే బిందె అదురుతుంది. పై వరస ఇంట్లో సన్నటి ధార వస్తుంది. ట్యాంకులో ఏ మార్పూ లేదు. మన ఒంట్లో గుండె ట్యాంకు, కఫ్ కట్టిన చోటు కుళాయి. కఫ్ గుండె కన్నా కిందికి దిగితే ఆ మధ్య ఉన్న రక్తం బరువు కూడా అంకెలో కలుస్తుంది. పైకి వెళ్తే ఆ మేరకు తగ్గుతుంది. బీపీ అంకె పాదరసం మిల్లీమీటర్లలో ఉంటుంది. పాదరసం నీటి కన్నా 13.6 రెట్లు బరువు, రక్తం నీటి కన్నా కొద్దిగానే బరువు. లెక్క వేస్తే 10 సెంటీమీటర్ల ఎత్తు తేడాకు అంకెలో సుమారు 8 తేడా. తాతగారి మణికట్టు ఒళ్లోకి దిగింది పాతిక, ముప్పై సెంటీమీటర్లు. ఆ 20 ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది కదా.

జబ్బకు కట్టే కఫ్‌తో తేడా ఇంతుండదు, కానీ ఉంటుంది. 2024లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 133 మందికి కొలిచి చూశారు. చెయ్యి బల్ల మీద ఆనించినప్పటి కన్నా ఒళ్లో పెట్టుకుంటే పై బీపీ సగటున 4, పక్కకు వేలాడేస్తే 6.5 ఎక్కువ వచ్చింది. 136 ఉన్నవాళ్లు 142 అయిపోతారు, చీటీలో ఇంకో మాత్ర చేరుతుంది. అందుకే నాకు మణికట్టు మెషిన్లంటే ఇష్టం లేదు. కొత్తగా కొనేవాళ్లు జబ్బకు కట్టేదే కొనండి, కఫ్ మీ చేతి చుట్టుకొలతకు సరిపోవాలి. బిగుతుగా, చిన్నగా ఉన్న కఫ్ కూడా ఎక్కువే చూపిస్తుంది.

నేను నైట్ డ్యూటీలు చేసే రోజుల్లో, ఒక ఆసుపత్రి వార్డులో, ఒక పెద్దాయనకు మెషిన్ 104/88 చూపించింది. రాసుకుని పక్క మంచానికి వెళ్లిపోయాను. సీనియర్ సిస్టర్ వచ్చి అంకె చూడలేదు. మంచం అంచు నుంచి వేలాడుతున్న ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. చల్లగా, చెమటగా ఉంది. చెయ్యి పక్క మీదికి తెచ్చి, కింద దుప్పటి మడత పెట్టి మళ్లీ కొలిస్తే 92/76. అప్పుడు ఆవిడ చూపించింది నేను మరిచిపోలేదు: రెండుసార్లూ పై అంకెకూ కింది అంకెకూ తేడా 16. చేతి ఎత్తు రెండు అంకెల్నీ దాదాపు ఒకేలా జరుపుతుంది, మధ్య తేడాను జరపదు. ఆ తేడా పై అంకెలో పావు వంతు కన్నా తక్కువైతే గుండె ఒక్కో దెబ్బకు కొద్ది రక్తమే పంపుతోందేమో అని అనుమానించాలి. 92లో పావు 23. మొదటి రీడింగులోనే, 104కి 16 అన్నప్పుడే, నాకు తెలియాల్సింది.

బీపీ ఒత్తిడిని చెబుతుంది. రక్తం కొసల దాకా చేరుతోందా అన్నది చెయ్యి చెబుతుంది. నేనైతే ముందు చెయ్యి పట్టుకుంటాను, మెషిన్ తర్వాత.

ఇక వేలి కొస. చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, చూపుడు వేలి కొసను తెల్లబడేలా 5 సెకన్లు నొక్కి వదలండి. రెండు సెకన్లలోపు రంగు తిరిగొస్తే మామూలే. పెద్దవాళ్లకు ఇంకాస్త పడుతుంది, ఏసీ గదిలోనూ అంతే. చెయ్యి వెచ్చబడ్డాక చూసినా 3 సెకన్లు దాటుతోందంటే పట్టించుకోండి. గోరింటాకు ఉంటే గోరు కాదు, వేలి మెత్త భాగం నొక్కండి. చల్లటి చేతులు, ఆలస్యంగా వచ్చే రంగు, ఇరుకైన తేడా, దానికి తోడు మగతో ఆయాసమో ఉంటే ఇంకో రీడింగ్ తీస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.

అభ్యాసం: వారం రోజులు, పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం. నిమిషం ఎడంతో రెండు రీడింగులు. గోడ క్యాలెండర్ గడిలోనే పై అంకె, కింది అంకె, తేడా, వేలి సెకన్లు రాయండి. ఆదివారం నాడు ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఒకరిని కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద, ఒళ్లో, పక్కకు వేలాడేసి, ఒక్కోచోట మూడేసిసార్లు కొలవండి. గుండెకూ కఫ్‌కూ ఎత్తు తేడా టేపుతో కొలిచి, సెంటీమీటర్లను 0.8తో గుణించి, రీడింగుల్లో వచ్చిన తేడాతో సరిచూడండి. లెక్క బాగా తప్పితే ముందు నాడి పట్టి చూడండి, కొట్టుకోవడం సమంగా ఉందా లేదా అని. మెషిన్ కఫ్‌లోని అదుర్లను పట్టి అంకె కడుతుంది, నాడి గతి తప్పితే అదుర్లూ తప్పుతాయి. అలాంటివాళ్ల రీడింగులు నాకు విడిగా పంపండి, 5వ పాఠం వాటితోనే మొదలుపెడతాను.