పాత కారులో లోపలి లైట్లు సరిగా వెలగడం లేదా? బల్బు కొనేముందు ఎర్త్ చూడండి

లోపలి లైటు ఆగిపోతే ముందుగా బల్బు మీదికే అనుమానం పోతుంది. పాత కార్లలో నిజానికి ఎక్కువగా మొరాయించేవి డోర్ స్విచ్, దాని ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉండే కారు బాడీతో దాని కనెక్షన్). చాలా మోడళ్లలో ఇగ్నిషన్ ఆపినా రూఫ్ లైటుకు 12 వోల్ట్‌ల ప్లస్ అందుతూనే ఉంటుంది. తలుపు తీసినప్పుడు స్విచ్ చేసే పనల్లా మైనస్ తీగను బాడీకి కలపడమే. ఈ ఒక్క విషయం గుర్తుంటే వెతుకులాట సగం తగ్గుతుంది. పనికి మల్టీమీటర్, ప్లాస్టిక్ పట్టీ, సన్నటి గరుకు కాగితం ఉంటే చాలు.

ఏ స్థానంలో పెట్టినా వెలగదు

గడియారం, స్టీరియో మెమరీ, డిక్కీ లైటు కూడా పోయాయేమో చూడండి. చాలా కార్లలో వీటన్నిటికీ ఒకటే ఫ్యూజ్. అవీ ఆగిపోయి ఉంటే ఫ్యూజ్ కాలిందన్నమాట. అంతే ఆంపియర్లున్న ఫ్యూజే వేయండి. పెద్దది వేస్తే ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. కొత్తదీ వెంటనే పోతే ఎక్కడో తీగ బాడీకి తగులుతోంది. తలుపుకీ బాడీకీ మధ్య, డిక్కీ మూత దగ్గర ఉండే రబ్బరు గొట్టాల్లో వెతకండి. ఏళ్ల తరబడి మడత పడీ పడీ తీగల తొడుగు అక్కడే చిట్లుతుంది.

ఫ్యూజ్ బాగుంటే బల్బు చూడండి. రెండు చివరలా లోహపు టోపీలుండే గొట్టం బల్బులు 31, 36, 41 మి.మీ. పొడవుల్లో వస్తాయి. పాతదాన్ని కొలిచి అదే పొడవు తీసుకోండి, పొట్టిది క్లిప్పుల్లో వదులైపోతుంది. 5 వాట్ల చోట 10 వాట్లది పెడితే వేడికి పైనున్న ప్లాస్టిక్ మూత వంకరపోతుంది.

ఆన్‌లో వెలుగుతుంది, తలుపు తీస్తే వెలగదు

అంటే బల్బు, ఫ్యూజ్ రెండూ బాగున్నట్టే. ఒక్క తలుపుకే ఇలా అయితే ఆ తలుపు స్విచ్, దాని ఎర్త్ లేదా దాని తీగ కారణం. ఏ తలుపు తీసినా వెలగకపోతే రూఫ్ లైటు మీటలోని డోర్ స్థానపు (చాలావాటిలో మధ్యది) కాంటాక్ట్, తలుపులన్నిటికీ ఉమ్మడి తీగ, టైమర్ ఉంటే అదీ చూడాలి.

స్విచ్ స్క్రూ విప్పి మెల్లగా బయటికి లాగండి. తీగ ఊడదీసేముందు దాన్ని టేపుతో బాడీకి అంటించండి, లేకపోతే తలుపు పక్కనుండే బాడీ స్తంభం లోపలికి జారిపోయి మళ్లీ దొరకదు. ఒకే తీగ ఉండి, స్క్రూతో నేరుగా బాడీకి బిగిసే స్విచ్ అయితే అది ఎర్త్ కలిపే రకమే. రెండు తీగలుంటే మీ మోడల్ వైరింగ్ బొమ్మ చూసేదాకా ఏ తీగనూ బాడీకి తాకించవద్దు.

రూఫ్ లైటును డోర్ స్థానంలో ఉంచి, ఊడదీసిన ఆ ఒక్క తీగకూ శుభ్రమైన బాడీ లోహానికీ మధ్య వోల్టేజ్ కొలవండి. 12 వోల్ట్‌లకు దగ్గరగా చూపిస్తే తీగ బాగుంది, తప్పు స్విచ్‌ది లేదా దాని ఎర్త్‌ది. ఏమీ చూపకపోతే తీగ మధ్యలో ఎక్కడో తెగింది.

స్విచ్ పారేయకముందు స్క్రూ కింద చూడండి. ఎర్త్ దాని గుండానే వెళ్తుంది కాబట్టి అక్కడ తుప్పు పడితే కొత్త స్విచ్ కూడా పనిచేయదు. లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన పలచగా వాసెలిన్ రాయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో స్తంభంలోని పసుపు రంగు తీగలను, కనెక్టర్లను కదపవద్దు.

తలుపు మూసినా ఆరదు, బ్యాటరీ దిగిపోతోంది

డాష్‌బోర్డులోని మీటర్ లైట్ల వెలుగు తగ్గించే చక్రాన్ని ముందు కాస్త తిప్పండి. కొన్ని కార్లలో దాన్ని చివరిదాకా తిప్పితే రూఫ్ లైటు ఆన్ అవుతుంది. తర్వాత తలుపు మూస్తే లోపలికి పోయే డోర్ స్విచ్ పుల్లను వేలితో నొక్కండి. లైటు ఆరితే స్విచ్ మంచిదే. దాని రబ్బరు టోపీ అరిగి ఉంటుంది, లేదా తలుపు పూర్తిగా దగ్గరికి రావడం లేదు.

10 వాట్ల బల్బు 0.8 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒక రోజులో అది 20 ఆంపియర్-అవర్స్ దాకా తాగేస్తుంది. 45 ఆంపియర్-అవర్స్ బ్యాటరీ అయితే రెండు రోజుల్లో ఖాళీ. కంటికి కనబడకుండా వెలిగేవి గ్లవ్ బాక్స్, డిక్కీ లైట్లు. ఫోన్‌లో వీడియో రికార్డింగ్ పెట్టి లోపల ఉంచి మూత వేస్తే తెలిసిపోతుంది.

మినుకుమంటుంది, మసకగా ఉంది

బల్బును పట్టుకునే క్లిప్పులు వదులై ఉంటాయి. ఫ్యూజ్ తీసి, వాటిని కొద్దిగా లోపలికి వంచి, పచ్చటి చిలుము గీకేయండి. ఆ తర్వాతా మసకగానే ఉంటే లైటు వెలుగుతుండగా రెండు క్లిప్పుల మధ్య వోల్టేజ్ కొలవండి. బ్యాటరీ దగ్గరకన్నా ఒక వోల్ట్, అంతకుమించి తక్కువ చూపిస్తే ఏదో జాయింట్‌లో చిలుము పట్టింది. బల్బులు తరచూ కాలిపోతుంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలవండి. 15 వోల్ట్‌లు దాటితే తప్పు ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం) వోల్టేజ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ది.

మీటర్ లైట్లు మాత్రమే పోయాయి

చాలా కార్లలో ఇవి పార్కింగ్ లైట్ల ఫ్యూజ్‌తో నడుస్తాయి, వెనక లైట్లు కూడా పోయాయేమో చూడండి. అవి వెలుగుతుంటే వెలుగు తగ్గించే చక్రాన్ని అటూ ఇటూ ఓ ఇరవైసార్లు తిప్పండి, లోపలి కాంటాక్ట్‌కు పట్టిన మురికి చాలాసార్లు దానితోనే పోతుంది.