ఆర్కిటెక్టు జీవితం రాయాలంటే ఇళ్ల దగ్గర మొదలుపెట్టాలి

పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు పాత కోటలు, దివాణాల గురించి తెలుగులో రాసేవాళ్లకోసం ఇది. ఇలాంటి రాతల్లో తరచూ కనిపించే లోటు ఒకటుంది. రాజుగారి వంశావళి నాలుగు పేజీలుంటుంది, ఆర్కిటెక్టు మాత్రం ‘ఫలానా దొర కట్టాడు’ అన్న ఒక్క వాక్యంలో అయిపోతాడు. ఆ దొర ఏ భాగం గీశాడు, ఏ ఏడు గీశాడు, అంతకుముందు అక్కడ ఏముండేది, చివరికి పూర్తిచేసింది ఎవరు? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు లేనిదే ఆయన జీవితం రాయడం కుదరదు.

నమూనాగా స్కాట్లండ్ ఆర్కిటెక్టు సర్ రాబర్ట్ లోరిమర్‌ను (1864–1929) తీసుకుందాం. అక్కడి పల్లెల్లో జమీందారీ భవంతుల పని చేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన చేసినవాటిలో కొత్త ఇళ్లతో పాటు పాత కోటలను బాగుచేసిన పనులూ ఎక్కువే. మన కోటలు కూడా తరతరాలుగా గది మీద గది కలుపుతూ పోయినవే కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది.

ముందు జీవిత పట్టిక

ఒక పొడవాటి కాగితం మీద మూడు గడులు గీయండి: సంవత్సరం, మనిషి ఎక్కడున్నాడు, ఎవరి దగ్గర ఏం పని చేశాడు. లోరిమర్‌ది వేస్తే ఇలా వస్తుంది. 1864లో ఎడిన్‌బరోలో పుట్టుక, తండ్రి న్యాయశాస్త్ర ఆచార్యుడు. 1878లో ఆ కుటుంబం ఫైఫ్ ప్రాంతంలో పాడుపడిన కెల్లీ కోటను కౌలుకు తీసుకుని బాగుచేసుకుంది. 1885లో యూనివర్సిటీ చదువు వదిలి ఎడిన్‌బరోలోని ఒక ఆర్కిటెక్టుల ఆఫీసులో హ్యూ వార్డ్రాప్ దగ్గర శిష్యరికం. 1889లో లండన్‌లో బాడ్లీ అనే ఆర్కిటెక్టు దగ్గర పని. 1890ల మొదట్లో ఎర్ల్స్‌హాల్ కోట పునరుద్ధరణతో సొంత ప్రాక్టీసు. 1911లో ఎడిన్‌బరోలోని థిసిల్ చాపెల్ అనే ప్రార్థనామందిరం పూర్తయింది, సర్ బిరుదు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత స్మారకాల పని, 1927లో ఎడిన్‌బరో కోటలో స్కాట్లండ్ జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభం, 1929లో మరణం.

పట్టిక వేశాక ఖాళీలు చూడండి. రెండేళ్లకు మించి ఖాళీ ఉంటే అక్కడ మీకు దొరకని యజమానో, ఊరో ఉంది. బాల్యాన్ని కూడా వదలొద్దు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో కెల్లీ కోట మరమ్మతు కళ్లారా చూసిన పిల్లవాడు పెద్దయ్యాక ఎర్ల్స్‌హాల్‌ను చేతిలోకి తీసుకోవడం కాకతాళీయం కాదు.

ఇంటికో కార్డు

తర్వాత ఒక్కో ఇంటికి ఒక్కో కార్డు. పేరు, ఊరు, యజమాని, ఆయనకు డబ్బు ఎక్కడిది, తేదీలు, పని రకం, ఆధారం. అన్నిటికన్నా ముఖ్యం పని రకం. కొత్త ఇల్లా, పాతదానికి చేర్పా, పునరుద్ధరణా, లోపలి పని మాత్రమేనా, గీసి కట్టనిదా, సగంలో ఆగిందా?

ఈ తేడా ఎంత పెద్దదో లోరిమర్ పనుల్లోనే చూడొచ్చు. ఆర్డ్‌కింగ్లాస్ (1907) పునాది నుంచి ఆయనదే. ఎర్ల్స్‌హాల్ 16వ శతాబ్దపు కోట. అక్కడ ఆయనది పునరుద్ధరణ, తోట, తోటలోని చిన్న కట్టడాలు. పనిముట్ల ఇంటి కప్పు మీద రాతి కోతులను కూర్చోబెట్టింది ఆయనే. హిల్ ఆఫ్ టార్విట్‌లో (1906) 17వ శతాబ్దపు ఇంటి స్థానంలో దాదాపు కొత్త భవంతి లేచింది. మాంజీ కోటకు 1908లో అగ్నిప్రమాదం జరిగితే ఆయన లోపలి భాగాన్ని తిరిగి తీర్చాడు, బయటి గోడలు పాతవే. ఫార్మకిన్ పెద్ద ఇల్లు డబ్బు చాలక పూర్తికాకుండానే ఆగిపోయింది. యుద్ధ స్మారకం సైతం కోటలో అప్పటికే ఉన్న పాత బారకాసు కట్టడాన్ని మార్చి చేసిందే. వీటన్నిటినీ ‘లోరిమర్ కట్టాడు’ అని ఒకే గాటన కడితే ఆయన గొప్పతనం కూడా తెలియదు. పాత గోడతో సర్దుకుపోవడమే ఆయన ప్రత్యేకత.

యజమాని గడి ఖాళీగా వదిలితే ఇల్లు అలా ఎందుకుందో అర్థం కాదు. టార్విట్ యజమాని ఫ్రెడరిక్ షార్ప్ కుటుంబానిది డండీ ఊరి జూట్ డబ్బు. డండీ మిల్లుల్లో నేసిన జనపనార మన బెంగాల్ నుంచే ఓడల్లో వెళ్లేది. షార్ప్ కొన్న ఫ్రెంచి సామాను, ఫ్లెమిష్ తెరలు, చైనా పింగాణీ ఎక్కడ పెట్టాలన్నదాన్ని బట్టే ఆ ఇంటి గదులు గీశారు. సామాను సంగతి తెలియకుండా ప్లాను చూస్తే గదికో తీరు ఎందుకుందో తోచదు.

తేదీల విషయంలో మూడు వేరువేరుగా రాయాలి: గీసిన ఏడు, పని మొదలైన ఏడు, పూర్తయిన ఏడు. రాతి మీద చెక్కిన తేదీని వెంటనే నమ్మొద్దు. ఫార్మకిన్‌లో ఒక కట్టడం మీద 1694 అని చెక్కి, పక్కన ‘డి.ఎల్.’ అని రెండక్షరాలు పెట్టారు. ‘డ్యామ్డ్ లై’, అంటే పచ్చి అబద్ధం అని దానికి అర్థం చెబుతారు. మన దగ్గర పరిస్థితి వేరు. గుమ్మం మీది తేదీ ప్రతిష్ఠదో, గృహప్రవేశానిదో, తర్వాతి తరం సున్నం వేయించినప్పటిదో కావచ్చు. తేదీని ఫొటో తీసి, అక్షరాల చుట్టూ ఉన్న గచ్చు మిగతా గోడ గచ్చులాగే ఉందా, తర్వాత అతికిందా అన్నది పక్కన రాసుకోండి.

ఆఫీసు, పనివాళ్లు

ఆర్కిటెక్టు ఒక్కడే గీయడు. లోరిమర్ ఆఫీసును ఏళ్ల తరబడి నడిపింది జాన్ మాథ్యూ. ఆయన కుర్రవాడిగా చేరి చివరికి భాగస్వామి అయ్యాడు. చెక్కపని క్లో సోదరులది, ఇనుప పని థామస్ హాడెన్‌ది, సామాను వైటాక్ అండ్ రీడ్ కంపెనీది. ఒక్కో ఇంటి కార్డు వెనక ఈ పేర్లు రాస్తే, రెండు ఇళ్లలో ఒకే రకం తలుపు గడియ ఎందుకుందో అక్కడే తేలుతుంది. మన కోటల్లో మేస్త్రి, వడ్రంగి కుటుంబాల పేర్లు కాగితాల్లో ఉండకపోయినా వాళ్ల ఇళ్లలో చెప్పుకుంటారు. వెళ్లి అడగండి. చెప్పినవారి వయసు, చెప్పిన తేదీ రాసుకోండి.

ఉత్తరాలూ వెతకాలి. లోరిమర్ గురించి మనకు తెలిసిన చాలా సంగతులు ఆయన ఆస్ట్రేలియాలో ఉన్న స్నేహితుడు, ఆర్కిటెక్టు రాబిన్ డాడ్స్‌కు రాసిన ఉత్తరాల్లోవే. కాబట్టి ఆర్కిటెక్టు కాగితాలు దొరక్కపోతే అవతలివాళ్ల కాగితాలు వెతకండి.

ఇంటిని కొలవడం

కాగితాలు అబద్ధం చెప్పినా గోడ పట్టిస్తుంది. లోరిమర్ ఇళ్ల బయటి గోడల మీద తరచూ సున్నం, చిన్న గులకరాళ్లు కలిపి విసిరిన పూత ఉంటుంది. మన గోడల మీద సున్నపు గచ్చు ఉంటుంది. రెండుచోట్లా పాత భాగానికీ కొత్త భాగానికీ మధ్య అతుకు బయటికి కనబడదు. అందుకే కొలత.

ముగ్గురు కావాలి: టేపు పట్టడానికి ఇద్దరు, రాయడానికి ఒకరు. 30 మీటర్ల ఫైబర్ టేపు, 5 మీటర్ల స్టీలు టేపు, అట్టమీద బిగించిన ఎ3 కాగితాలు, నేల మట్టం చూడటానికి నీళ్లు నింపిన పారదర్శక గొట్టం చాలు. ముందు గది ఆకారం చేత్తో గీయండి, స్కేలు అవసరం లేదు. తర్వాత టేపు సున్నాను ఒక మూల దగ్గర పెట్టి, కదపకుండా గోడ పొడుగునా సాగదీసి, ప్రతి తలుపు అంచు, కిటికీ అంచు దగ్గర వచ్చిన అంకె రాయండి. ముక్కముక్కగా కొలిస్తే ఒక్కోసారి సెంటీమీటరు చొప్పున తప్పు పోగవుతుంది. పన్నెండు ముక్కల గోడ పన్నెండు సెంటీమీటర్లు తేడా రావచ్చు.

ప్రతి గదికీ రెండు కర్ణాలు, అంటే మూల నుంచి ఎదురు మూలకు కొలతలు, తప్పనిసరి. పాత గదులు చూడటానికి చదరంగానే ఉంటాయి, కానీ మూలలు సరిగ్గా ఉండవు. కర్ణాలు లేకుండా ఇంటికొచ్చి గీస్తే గోడలు కలవవు, మళ్లీ వెళ్లాల్సి వస్తుంది. గోడ మందం గుమ్మాల దగ్గర తీసుకోండి. వరసగా 60 సెంటీమీటర్లున్న గోడ ఒక్కచోట 90 అయిందంటే అది ఒకప్పటి బయటి గోడ కావచ్చు. పక్కపక్క గదుల నేల మట్టం రెండు మూడు అంగుళాలు తేడా ఉన్నా అదే అనుమానం. లోపలి పొడవులు, గోడ మందాలు కలిపి బయటి పొడవుతో సరిచూడండి. మీటరు పైన తేడా వస్తే టేపును తప్పుపట్టకండి, అక్కడ మూసేసిన మెట్లో, గూడో ఉండొచ్చు.

తల ఎత్తి కప్పు కూడా చూడాలి. టేకు దంతెల మీద సున్నంతో ఇటుక పేర్చిన మిద్దె, ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమానులు, కాంక్రీటు స్లాబు మూడూ మూడు కాలాలవి. గర్డరు పక్కన కంపెనీ పేరు అచ్చయి ఉంటుంది, టార్చి ఏటవాలుగా వేస్తే చదవొచ్చు. డార్మన్ లాంగ్ అని ఉంటే ఆ గర్డరు 1875కు ముందుది కాదు, ఆ కంపెనీ పుట్టిందే అప్పుడు. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది. అంతకుముందు ఇనుము ఊళ్లోకి బండ్ల మీదే రావాలి, కాబట్టి బండి కిరాయి లెక్కలు వెతకడం వృథా కాదు.

పాత నక్షా దొరికితే

పాత డ్రాయింగులు చాలావరకు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు లెక్కన ఉంటాయి. అంటే 1:96, ఇప్పటి 1:100 కాదు. 40 అడుగుల హాలు కాగితం మీద 5 అంగుళాలు, 127 మిల్లీమీటర్లు. 1:100 స్కేలుతో చదివితే 12.70 మీటర్లు వస్తుంది, నిజానికి అది 12.19. అర మీటరు తప్పుతో ‘నక్షా ప్రకారం కట్టలేదు’ అని తీర్పు చెప్పేస్తాం. పైగా జెరాక్సు కాపీ సాగుతుంది. కాగితం మీద గీసిన స్కేలు పట్టీ ఉంటే దాన్నే కొలిచి లెక్క కట్టండి. మూలన ఉన్న పొట్టి సంతకాలూ చూడాలి, గీసిన గుమాస్తా ఎవరో అవే చెబుతాయి.

కాగితాలు ఎక్కడ

స్కాట్లండ్ వరకు పని సులువు. అక్కడి ఆర్కిటెక్టుల నిఘంటువు 1660–1980 మధ్య పనిచేసినవారి శిక్షణ, ఆఫీసు చిరునామాలు, పనుల జాబితాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. దాని గడులనే మీ కార్డుకు నమూనాగా వాడుకోండి.

మన వైపు 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, జయపురం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందుకే పాత కాగితాలకు ముందు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్, తర్వాతివాటికి భువనేశ్వర్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్. ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (వారసుడు మైనరైతే ఎస్టేటు నడిపే ప్రభుత్వ సంస్థ) చేతిలో ఉన్న కాలమైతే ఖర్చు మంజూరు కాగితాలు రెవెన్యూ బోర్డు దస్త్రాల్లో వెతకాలి. ఊరి పేరు పర్లాకిమిడి, పర్లాకిమెడి, కిమిడి, పారలాఖెముండి అని ఎన్ని రకాలుగా రాశారో అన్ని రకాలుగానూ అడగండి. ఒక్క రూపంతో వెతికి ‘ఏమీ లేదు’ అని తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ.

పేరు ఎలా రాయాలి

పర్లాకిమిడి రాజభవనానికి రాబర్ట్ చిషోల్మ్ పేరు చెబుతారు. మద్రాసులో సెనేట్ హౌస్ గీసినవాడాయన. బరోడాలో లక్ష్మీవిలాస్ భవనాన్ని చార్లెస్ మాంట్ మొదలుపెట్టి 1881లో చనిపోతే, దాన్ని పూర్తిచేసింది చిషోల్మే. అక్కడ ఒక్క పేరే రాస్తే రెండో మనిషికి అన్యాయం జరుగుతుంది. ఇక్కడా పేరు రాసేముందు ఆధారాన్ని బట్టి మాట ఎంచుకోండి. సంతకమున్న నక్షా, బిల్లు, ఉత్తరం చేతిలో ఉంటేనే ‘గీశారు’. ఆనాటి పత్రిక చెబితే ‘ఫలానా ఏడు పత్రిక ప్రకారం’. కమాను తీరు చూసి అనుకున్నదైతే ‘పోలికను బట్టి’. ఊళ్లో మాటైతే ‘స్థానికంగా చెబుతారు’. కార్డు మీద కూడా ఇవే నాలుగు మాటలు వాడితే, రేపు ఒక బిల్లు బయటపడినప్పుడు మార్చాల్సింది ఆ ఒక్క గడినే.