మామిడి కాలంలో చంటిబిడ్డకు భేదులు: ముందే చూసుకోవలసినవి

మే నెల వచ్చేసరికి చిత్తూరు, తిరుపతి వైపు మండీల నిండా మామిడి, దానిమీద ఈగలు. గంగమ్మ జాతర, ఇంటినిండా చుట్టాలు, బోరు ఎండితే ట్యాంకరు నీళ్లు. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లల కడుపు చెడడానికి ఇంతకంటే ఏం కావాలి? తాగే నీళ్లు మరగకాచి చల్లార్చండి. కోసిన పండుమీద మూత ఉండాలి. అన్నం పెట్టేముందు, మలం కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

భేదులతో పోయిన నీటినీ లవణాలనూ తిరిగి ఇచ్చే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు ఇంట్లో ముందే ఉంచుకోండి, ఆశా కార్యకర్తను అడిగితే ఇస్తారు. అట్టడబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటిమీద ఆ పేరు వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి నీళ్లు లాగుతుంది, భేదులు ఇంకా ముదురుతాయి. కూల్‌డ్రింకులూ అంతే.

ఎక్కువమంది తప్పు చేసేది కలపడంలోనే. గ్లాసు నీళ్లలో కాస్త పొడి చల్లి, మిగతాది రేపటికని మడిచి పెడతారు. అలా చేయొద్దు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం, పలచనైతే ప్రయోజనం తక్కువ. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో, చిన్నదైతే 200 మి.లీ.లో కలపాలి. ఎన్ని నీళ్లో ప్యాకెట్ మీదే ఉంటుంది. నీళ్లు కొలవడానికి లీటరు వాటర్ బాటిల్ చాలు. పాలు, చక్కెర చేర్చొద్దు, కలిపాక కాచొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి.

భేదికి వెళ్లిన ప్రతిసారీ రెండేళ్ల లోపు బిడ్డకు 50 నుంచి 100 మి.లీ., ఆపై వయసుకు 100 నుంచి 200 మి.లీ. పట్టాలి. గటగటా తాగిస్తే వాంతి చేసుకుంటుంది, చెంచాతో నిమిషానికొకసారి పోయండి. వాంతయితే పది నిమిషాలు ఆగి, ఇంకా నిదానంగా మళ్లీ మొదలుపెట్టండి.

కడుపుకు విశ్రాంతి అని పస్తు పెట్టడం పాత పొరపాటు. తల్లిపాలు ఆపొద్దు. మెత్తని పెరుగన్నం, పెసరపప్పు కిచిడీ, ఇడ్లీ, అరటిపండు కొంచెం కొంచెంగా పెట్టండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింక్ రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు. భేదులు తగ్గినా మధ్యలో మానొద్దు. భేదులు కట్టే లోపరమైడ్, పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ జోలికి వెళ్లొద్దు. బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు వేసుకుంటే వేసుకోండి, పోయిన నీటిని మాత్రం అది తిరిగి ఇవ్వదు.

పొట్టమీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదలండి. వెంటనే సర్దుకోకుండా మడత నిలబడితే ఒంట్లో నీరు బాగా తగ్గిందని అర్థం. కళ్లు లోపలికి పోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోవడం, మలంలో రక్తం, ఆకుపచ్చ రంగు వాంతి, ఏం పట్టినా నిలవకపోవడం, పిలిచినా మగతగా ఉండడం: వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి తిరుపతిలో రుయా ఆసుపత్రికో, చిత్తూరులో ప్రభుత్వాసుపత్రికో తీసుకెళ్లండి. బిడ్డ మింగగలిగితే దారిలోనూ చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండండి.