ఎండలు ముదరకముందే ప్యానెల్‌లో ఎస్ఎస్ఆర్ చూసుకోండి

చెనక్కాయలు వేయించే మెషీన్‌కో, ఇంక్యుబేటర్‌కో సొంతంగా ప్యానెల్ బోర్డు కట్టుకున్నవాళ్లు మార్చిలోనే ఒకసారి దాన్ని తెరిచి చూసుకోవాలి. అనంతపురం, కర్నూలు ఎండల్లో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో మూసి ఉన్న ఇనుప డబ్బా లోపల ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఎస్ఎస్ఆర్ అంటే సాలిడ్ స్టేట్ రిలే, టెంపరేచర్ కంట్రోలర్ చెప్పినట్టు హీటర్‌కు కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్. అది తనంతట తానే వేడెక్కుతుంది. ఒక్కో ఆంపియర్‌కు సుమారు ఒక వాట్ నుంచి ఒకటిన్నర వాట్ల వేడి పుడుతుంది. 230 వోల్టుల మీద 3 కిలోవాట్ల హీటర్ 13 ఆంపియర్లు లాగుతుంది. పైన 25 ఆంపియర్లని రాసి ఉన్నా, అది సరైన హీట్‌సింక్ (వేడిని లాగేసే రెక్కల లోహపు దిమ్మ) ఉన్నప్పటి మాట. ఈ లోడుకు నేనైతే 40 ఆంపియర్లది పెడతాను. పేరూ ఊరూ లేని చౌకరకమైతే రాసినదాంట్లో సగానికి మించి నమ్మను. థర్మల్ పేస్ట్ పలుచగా రాసి, హీట్‌సింక్ రెక్కలు నిలువుగా ఉండేలా బిగించి, దానికి ఎర్త్ ఇవ్వండి. దుమ్ము దులపండి.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. ఎస్ఎస్ఆర్ పోతే ఎక్కువసార్లు షార్ట్ అయ్యే పోతుంది, అంటే ఆన్‌లోనే ఉండిపోతుంది. కంట్రోలర్ ఆపమన్నా హీటర్ మండుతూనే ఉంటుంది. ఎంసీబీ ఉంది కదా అని ధీమా వద్దు. హీటర్ లాగేది మామూలు కరెంటే కాబట్టి అది ట్రిప్ కాదు. అందుకే ఎస్ఎస్ఆర్‌కు ముందు ఒక కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద కరెంటు స్విచ్) పెట్టి, దాన్ని వేరే థర్మోస్టాట్‌తో నడపాలి. ఆ థర్మోస్టాట్‌కు సెన్సర్ కూడా వేరేగా ఉండాలి. ఉన్న సెన్సర్ ఊడిపోతే కంట్రోలర్‌తో పాటు దాని అలారం కూడా మోసపోతుంది.

అనుమానం వస్తే ముందు మెయిన్ ఆపండి. ఎస్ఎస్ఆర్ ఆఫ్‌లో ఉన్నా కొద్దిగా కరెంటు లీకవుతుంది, ముట్టుకుంటే షాక్ కొడుతుంది. అవుట్‌పుట్ వైర్లు విప్పి మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడండి. సున్నాకు దగ్గరగా వస్తే అది పోయినట్టే. ఎక్కువ చూపిస్తే బాగున్నట్టు కాదు, 100 వాట్ల పాత రకం బల్బును లోడుగా పెట్టి తేల్చుకోవాలి. ఇన్‌పుట్ వైర్లు తీసేసినా బల్బు వెలిగితే షార్ట్. లోడు లేకుండా వోల్టేజీ కొలిస్తే, లీకేజీ వల్ల మంచిది కూడా పోయినట్టే కనిపిస్తుంది.

బల్బు అసలు వెలగకపోతే ఇన్‌పుట్ దగ్గర డీసీ వోల్టేజీ కొలవండి. చాలావాటికి 3 నుంచి 32 వోల్టులు కావాలి, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. రిలే అవుట్‌పుట్ ఉన్న కంట్రోలర్ ఆ వోల్టేజీ తనంతట తాను ఇవ్వదు.

కొత్తది బిగించే ముందు పాతది ఎందుకు పోయిందో చూడండి. వదులైన స్క్రూ, నల్లబడిన వైరు, హీటర్‌లో షార్ట్, వీటిలో ఏదున్నా కొత్తదీ అదే దారి పడుతుంది.

చివరగా, మెషీన్ నడుస్తుండగా రెండో థర్మోస్టాట్ సెట్టింగ్ తగ్గించి చూడండి. కాంటాక్టర్ టక్కున ఆఫ్ కావాలి. కాకపోతే అది బాగయ్యేదాకా మెషీన్ నడపొద్దు.