మొదటి రెగ్యులేటర్ కొనే ముందు చూసుకోవాల్సినవి

స్కూబా డైవింగ్ సీజన్ దగ్గర పడుతోంది. కోర్సు పూర్తిచేసి, తక్కువ ధరలో సొంత రెగ్యులేటర్ (సిలిండర్‌లోని గాలిని పీల్చుకోగలిగే ఒత్తిడికి తగ్గించి నోటికి అందించే పరికరం) కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇవి చూసుకోండి.

– సర్వీస్ ఎవరు చేస్తారో ముందు తేల్చుకోండి. తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో, దాన్ని విప్పి లోపలి ఓ-రింగులు (గాలి లీక్ కాకుండా ఆపే రింగులు), సీట్లు (వాల్వ్ మూసుకునే చోట ఆనే భాగాలు) మార్చాలి. విడిభాగాలు దొరకని మోడల్ ఎంత చవకగా వచ్చినా దండగే.

– సెకండ్ హ్యాండ్ అయితే ఆ సర్వీస్ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. పైకి మెరుస్తున్నా లోపల ఉప్పు పట్టి ఉండొచ్చు. సర్వీస్ చేయించకుండా దాంతో నీళ్లలోకి దిగొద్దు, దయచేసి.

– ఈఎన్ 250 (డైవింగ్ రెగ్యులేటర్లకు యూరప్ ప్రమాణం) గుర్తు ఉందా? 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లటి నీళ్లకైతే ఆ చలికి పరీక్షించినదే కావాలి. లేదంటే ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కు బిగించే భాగం) గడ్డకట్టి గాలి ఆగకుండా తన్నుకొచ్చే ప్రమాదం ఉంది.

– యోక్ (వాల్వ్ చుట్టూ బిగింపులా పట్టేది), డిన్ (వాల్వ్‌లోకి మరలా తిప్పి బిగించేది) రకాల్లో మీరు వాడే సిలిండర్ వాల్వ్‌కు సరిపడేది తీసుకోండి. డిన్‌ను అడాప్టర్‌తో యోక్ వాల్వ్‌కూ బిగించుకోవచ్చు.

– అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్ (ఫస్ట్ స్టేజ్‌లో సాదా రకం) అనగానే టెన్షన్ పడక్కర్లేదు. దాంతో సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ గాలి పీల్చడం కాస్త కష్టమవుతుంది. తక్కువ లోతు డైవ్‌లకు అది చాలు, భాగాలు తక్కువ కాబట్టి సర్వీసూ తేలిక. అక్కడ మిగిలిన డబ్బు మంచి ఆక్టోపస్‌కు (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే అదనపు భాగం) పెట్టండి. ఆపదలో తోటి డైవర్ ఊపిరి పీల్చేది దాంతోనే.

– మౌత్‌పీస్ (పళ్లతో పట్టుకునే ముక్క) నచ్చలేదని మోడల్‌ను వదులుకోకండి. అది విడిగా, చవకగా దొరుకుతుంది.